గొడవ లేని రోజున జరపవలసిన బస్తీ శాంతి సమావేశం

పండుగకు వారం పది రోజుల ముందు పోలీసు స్టేషన్లో జరిగే శాంతి కమిటీ సమావేశం ఎలా ఉంటుందో హైదరాబాదు పాతబస్తీలో పెరిగినవారికి వర్ణించి చెప్పనక్కరలేదు. ఆవరణలో షామియానా వేస్తారు. మండపాల నిర్వాహకులు ఒకవైపు, మసీదు కమిటీల పెద్దలు మరోవైపు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుంటారు. డీజే పెట్టవద్దని, ఊరేగింపు వేళ మించనీయవద్దని, ఎవరైనా రెచ్చగొడితే వెంటనే ఫోను చేయాలని అధికారులు చెబుతారు, అందరూ తలలూపుతారు, చాయ్ తాగి ఫోటో దిగి ఎవరి ఇళ్లకు వారు వెళతారు. ఈ సమావేశాలు దండుగ అని నేను అనను. 2023లో గణేశ్ నిమజ్జనం, మిలాద్-ఉన్-నబీ రెండూ సెప్టెంబరు 28నే వచ్చినప్పుడు మిలాద్ ఊరేగింపు నిర్వాహకులు తమ జులూస్‌ను అక్టోబరు 1కి మార్చుకున్నారు. పెద్దలు ముందుగా కూర్చుని మాట్లాడుకునే అలవాటు లేని ఊళ్లో ఇటువంటి నిర్ణయం అంత సులభంగా వెలువడదు.

అయితే ఆ సమావేశంలో అడిగేది ఒక్కటే ప్రశ్న: ఈ పండుగ గడిచేదెలా? బస్తీలో ఉంటున్నవారు మిగతా మూడు వందల అరవై రోజులూ దేనికి భయపడుతున్నారు అనే ప్రశ్న అక్కడ రాదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఆడవారూ, ఇరవై ఏళ్ల కుర్రవాళ్లూ అక్కడ కనిపించరు. వారిని కూర్చోబెట్టి ఆ ప్రశ్న అడగడానికి వేరే సమావేశం కావాలి. నూరు, నూట యాభై ఇళ్లున్న ఒక బస్తీలో, పెద్ద ఖర్చు లేకుండా, ఒక సాయంత్రంలో దానిని జరపడం ఎలాగో నాకు తెలిసినంతవరకు ఇక్కడ రాస్తున్నాను. నేను చెప్పేది హైదరాబాదు అనుభవం. రాయలసీమలో రెండు వర్గాలుగా చీలిన పల్లెకైనా, ఆ చీలిక మతం వల్ల వచ్చింది కాకపోయినా, చాలావరకు ఇదే పద్ధతి సరిపోతుంది.

మొదట భద్రత అనే మాట సంగతి చూద్దాం. మన వాడుకలో భద్రత అంటే బందోబస్తు: బారికేడ్లు, సాయుధ బలగాలు, చౌరస్తాలో కెమెరా. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1994లో వెలువరించిన మానవాభివృద్ధి నివేదిక, మహబూబ్ ఉల్ హక్ ఆధ్వర్యంలో, ఈ అర్థాన్ని విస్తరించి మానవ భద్రత అనే భావనను ముందుకు తెచ్చింది. జీవనోపాధి, ఆహారం, ఆరోగ్యం, పర్యావరణం, వ్యక్తి క్షేమం, సముదాయ జీవనం, రాజకీయ హక్కులు అనే ఏడు వైపుల నుంచి మనిషికి ధీమా ఉండాలని అది చెప్పింది. 1990 నుంచి 1993 వరకు భారత నౌకాదళానికి అధిపతిగా పని చేసిన అడ్మిరల్ ఎల్. రామదాస్ పదవీ విరమణ తరవాతి జీవితాన్ని అణ్వాయుధాల వ్యతిరేక ఉద్యమానికి, భారత పాకిస్తాన్ ప్రజల మధ్య మైత్రికి ఇచ్చారు. ఆయన 2024 మార్చిలో మన హైదరాబాదులోనే కన్నుమూశారు. భద్రతను గురించి మరొకసారి ఆలోచించమనడం ఆయుధం ముట్టని అమాయకులు చెప్పే మాట అనుకునేవారికి ఆయన పేరు చెప్పడం ఉపయోగపడుతుంది. సమావేశంలో మాత్రం ఈ నివేదికలనూ, ఈ పేర్లనూ ఎత్తకండి. అక్కడ ఉపన్యాసం మొదలైందంటే వెనుక వరుసలోని ఆడవారు పిల్లల్ని తీసుకుని లేచిపోతారు.

ఇటువంటి పని ఫలించిన ఒక ఉదాహరణ మాత్రం ముందే తెలుసుకోవాలి, ఎందుకంటే దీనివల్ల ఏమవుతుందని మీ బస్తీలోనే నలుగురు అడుగుతారు. మహారాష్ట్రలోని భివండీ మరమగ్గాల పట్టణం. తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడ తరాలుగా మగ్గాల మీద బతుకుతున్నారు, కాబట్టి అది మనకు పరాయి ఊరు కాదు. 1970లోనూ 1984లోనూ అక్కడ ఘోరమైన మతకల్లోలాలు జరిగాయి. 1988లో అక్కడికి పోలీసు అధికారిగా వచ్చిన సురేశ్ ఖోపడే రెండు మతాల సామాన్యులతో మొహల్లా కమిటీలు ఏర్పాటు చేసి, గొడవలు ఉన్నా లేకున్నా వాటిని క్రమం తప్పకుండా సమావేశపరిచారు. 1992 డిసెంబరు, 1993 జనవరి నెలల్లో పక్కనున్న ముంబయిలో అధికారిక లెక్కల ప్రకారమే 900 మంది చనిపోతే భివండీలో అల్లర్లు చెలరేగలేదు. ఆ కమిటీల్లో గల్లీలో రోజూ ఎదురుపడేవారు ఉన్నారనీ, అవి ప్రశాంతంగా ఉన్న రోజుల్లోనే మొదలయ్యాయనీ గమనించాలి. గొడవ జరిగిన మర్నాడు పిలిస్తే వచ్చేవారు తమవాళ్ల తరఫున వాదించడానికే వస్తారు.

రోజు, వేళ

అందుచేత ముందుగా గొడవ లేని కాలాన్ని ఎంచుకోవాలి. వినాయక చవితికి, మిలాద్‌కు, శ్రీరామనవమి, హనుమాన్ జయంతి శోభాయాత్రలకు ముందున్న రెండు వారాలూ, ఎన్నికల కోడ్ అమలులో ఉన్న రోజులూ, ఇంటర్ పరీక్షల నెలా పనికిరావు. జుమ్మా రోజు మధ్యాహ్నం, ఆదివారం ఉదయం చర్చి వేళ ఎలాగూ తప్పించాలి. ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మొదలుపెట్టి మగ్రిబ్ నమాజుకు ముందే ముగించడం, లేదా నమాజుకు పావుగంట విరామం ప్రకటించడం మేలు. సంక్రాంతి దాటాక జనవరి చివర నుంచి ఫిబ్రవరి మొదటి వారాల వరకు, ఆ ఏడాది రంజాన్ ఆ రోజుల్లో పడకపోతే, మంచి వ్యవధి దొరుకుతుంది.

ఇంత జాగ్రత్తగా లెక్క చూసినవారు కూడా మరిచిపోయేది నల్లా. పాత బస్తీల్లో చాలాచోట్ల నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, అదీ ఒక నిర్ణీత వేళకే వస్తాయి. మేము మొదటిసారి సమావేశం పెట్టినప్పుడు కరపత్రాలు అచ్చు వేయించాం, మైకు తెచ్చాం, సాయంత్రం ఐదుకు జంపకానాలు పరిచి కూర్చున్నాం. ఐదుంపావుకు నల్లా వచ్చింది. బిందెల చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది, వచ్చిన పదకొండు మందీ మగవారే. తేదీ ఖాయం చేసే ముందు ఏ ఇంటి ఆడవారినైనా ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది.

ఎవరు పిలవాలి, ఎక్కడ కూర్చోవాలి

ఆహ్వానానికి కరపత్రం చాలదు. ఇద్దరిద్దరు జంటగా ఇల్లిల్లూ తిరిగి పిలవాలి, ఆ ఇద్దరూ రెండు వేర్వేరు మతాలకో కులాలకో చెందినవారై ఉండాలి. గుమ్మంలో వారిద్దరూ కలిసి నిలబడితే చాలు, సమావేశం దేనికోసమో సగం అర్థమవుతుంది. ఈ పనికి బస్తీ పెద్దమనిషి కంటే అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, మహిళా సంఘం లీడరు, కిరాణా కొట్టు ఆయన, ఆటో స్టాండులో అందరికీ తెలిసిన డ్రైవరు ఎక్కువ పనికివస్తారు. వీరు ప్రతి ఇంటి మంచిచెడ్డలూ ఎరిగినవారు, ఎవరి దగ్గరా మొహమాటం లేనివారు. “అక్కా, ఆదివారం సాయంత్రం గంటన్నర కూర్చుందాం, గల్లీ దీపాల సంగతి, రాత్రి భయం సంగతి మాట్లాడుకుందాం” అని పిలవండి. “మతసామరస్య సదస్సుకు విచ్చేయండి” అంటే ఎవరికీ అర్థం కాదు, అర్థమైనవారు రారు.

ఒక వైపు నుంచి ముప్పై మంది, మరో వైపు నుంచి నలుగురు వస్తే ఆ సమావేశం ఆ నలుగురికి విచారణలాగా తోస్తుంది. అందుకని పిలిచేటప్పుడే లెక్క చూసుకోవాలి. తక్కువగా ఉన్నవారి ఇళ్లకు రెండోసారి వెళ్లాలి, ఎందుకు రాలేమంటున్నారో వినాలి. మొత్తం నలభై మందికి మించితే అందరికీ మాట్లాడే వీలుండదు. బస్తీ పెద్దదైతే గల్లీకొకటి చొప్పున రెండు మూడు సమావేశాలు పెట్టుకోవడమే నయం.

కార్పొరేటరు, ఇతర నాయకులు తెలిస్తే తప్పక వస్తామంటారు, రావద్దనడం మర్యాద కాదు. చివరి ఇరవై నిమిషాలకు పిలిచి, బస్తీవారు చెప్పేది వినడానికి వచ్చారని ముందే వారికి స్పష్టం చేయండి. పూలదండ, శాలువా మాత్రం వద్దు, ఎందుకంటే ఒక్క శాలువా కప్పితే ఆ తరవాత ఇరవై నిమిషాల ప్రసంగం ఖాయం.

చోటు గుడి ఆవరణ కాకూడదు, మసీదు ఆవరణ కాకూడదు. ప్రభుత్వ పాఠశాల, అంగన్‌వాడీ భవనం, కమ్యూనిటీ హాలు, ఏదీ లేకపోతే విశాలమైన డాబా సరిపోతుంది. వేదిక కట్టవద్దు. అందరూ నేల మీద జంపకానాల మీద గుండ్రంగా కూర్చోవాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవారికి మాత్రం కుర్చీలు వేయాలి. పావురాలు ఎగరేయడం, కొవ్వొత్తులు పట్టుకుని నిలబడటం వంటివి పెట్టుకుంటే పత్రికలో ఫోటో వస్తుంది కానీ, వచ్చినవారు ఆ ఫోటో కోసమే వచ్చామనుకుని వెళ్లిపోతారు.

అనుమతి సంగతి

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. నాలుగు గోడల మధ్య నలభై మంది కూర్చోవడానికి సాధారణంగా చిక్కు రాదు. రోడ్డు మీదనో మైదానంలోనో పెట్టదలిస్తే, మైకు వాడదలిస్తే స్థానిక పోలీసు స్టేషన్‌లో ముందుగా దరఖాస్తు ఇచ్చి అనుమతి తీసుకోవాలి. ఆ దరఖాస్తులో తేదీ, వేళ, చోటు, రాబోయేవారి సంఖ్య, బాధ్యులైన ఇద్దరి ఫోను నంబర్లు రాసి, రెండో ప్రతి మీద స్టేషన్ ముద్ర వేయించుకుని దాచుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు వాడకూడదు, పగటిపూట నివాస ప్రాంతంలో ధ్వని 55 డెసిబెల్స్ మించకూడదు. 2024 జులై 1 నుంచి పాత నేర విచారణ స్మృతి స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, కనుక ఇదివరకు 144 సెక్షన్ అని పిలిచే నిషేధాజ్ఞ ఇప్పుడు 163వ సెక్షన్ కిందికి వస్తుంది. అది అమలులో ఉన్న రోజుల్లో సమావేశాన్ని వాయిదా వేయడమే మంచిది. మొండికేసి జరిపితే మొదట కేసుల్లో ఇరుక్కునేది మీరు పిలిచిన కుర్రవాళ్లే.

ముగ్గు, చింతగింజలు

సమావేశానికి ప్రాణం ఈ భాగమే కాబట్టి దీనికి కనీసం గంట కేటాయించాలి. నేల మీద ముగ్గుపిండితో బస్తీ పటం గీయించాలి. పల్లెల్లో స్వయం సహాయక సంఘాలతో పని చేసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. గీసేది నిర్వాహకులు కాకూడదు. ముగ్గు వేయడం తెలిసిన ఇద్దరు ముగ్గురు ఆడవారిని గీయమనాలి, తక్కినవారు చుట్టూ నిలబడి “అక్కడ మలుపు ఉంది”, “నల్లా ఇటువైపు” అని చెబుతుంటారు. మసీదు, గుడి, బడి, వైన్ షాపు, ట్రాన్స్‌ఫార్మర్, నాలా, బస్టాపు, కిరాణా కొట్టు అన్నీ పటంలోకి రావాలి. ఈ గీత పూర్తయ్యేసరికే, పొద్దున్నుంచీ ముఖాలు చూసుకోనివారు కూడా ఒకరి మాటను ఒకరు సరిదిద్దుతూ ఉంటారు.

ఆ తరవాత ఒక్కొక్కరికీ ఐదు చింతగింజలు ఇవ్వండి. “మీకు ఎక్కడ భయమేస్తుందో అక్కడ పెట్టండి, ఎందుకో ఇప్పుడే చెప్పనవసరం లేదు” అనాలి. ఐదింటినీ ఒక్క చోటే పెట్టవచ్చు, ఐదు చోట్లా పెట్టవచ్చు. ముందు ఆడవారు, తరవాత కుర్రవాళ్లు, చివర పెద్దమగవారు పెట్టాలి. ఈ వరుస మార్చవద్దు, ఎందుకంటే పెద్దవారు ముందు పెడితే మిగతావారి గింజలన్నీ అక్కడికే చేరతాయి. ఒక్కొక్క గుంపు పెట్టాక ఫోనుతో పై నుంచి ఫోటో తీసి, గింజలు ఏరి, రెండో గుంపుకు అవకాశం ఇవ్వాలి.

మా గల్లీలో జరిగింది చెబుతాను. పెద్దమగవారి గింజల్లో చాలా భాగం ఊరేగింపు మలుపు తిరిగే చౌరస్తా దగ్గర పడ్డాయి, వారికి 1990 డిసెంబరు మతకల్లోలాలు గుర్తున్నాయి, కర్ఫ్యూ రోజుల్లో పాలు దొరకని సంగతి గుర్తుంది. ఆడవారి గింజలు చౌరస్తా దగ్గర నాలుగో ఐదో ఉన్నాయి. మిగతావన్నీ ట్రాన్స్‌ఫార్మర్ మూలలో, వైన్ షాపును ఆనుకుని కూర్చుని తాగే పర్మిట్ రూమ్ ముందు కుప్పగా పడ్డాయి. ఆ మూలలో దీపం లేదు, డ్యూటీ నుంచి తొమ్మిదిన్నరకు దిగే ఆడపిల్లలు అటుగానే రావాలి. హిందువుల ఇళ్లవారూ ముస్లింల ఇళ్లవారూ అనే తేడా లేకుండా అందరి గింజలూ అక్కడే కలిశాయి. కుర్రవాళ్ల గింజలు ఎక్కడ పడ్డాయో ఎవరూ ఊహించలేదు. సగానికి సగం స్టేషన్‌కు వెళ్లే దారి మొదట్లో, బండ్లు ఆపి కాగితాలు అడిగే చోట పడ్డాయి. ఒక పెద్దాయన చాలాసేపు ఆ మూడు ఫోటోలనూ ఒకదాని తరవాత ఒకటి చూసి, “మేము చౌరస్తాకు కాపలా కాశాం, మా కోడలు ఆ మూలలో భయపడుతుందని ఎవరికి తెలుసు” అన్నారు. ఆ తరవాత చర్చ నడపడానికి మాకు పెద్ద కష్టం కలగలేదు.

మాట్లాడే పద్ధతి

పటం మీద ఎక్కువ గింజలు పడిన మూడు చోట్లను మాత్రమే చర్చకు తీసుకోవాలి. ఇక్కడ ఒకే ఒక్క నియమం పెట్టి, దానిని కచ్చితంగా పాటించాలి: ఎవరైనా తాము చూసింది, తమకు జరిగింది చెప్పవచ్చు, “వాళ్లు ఇలాంటివాళ్లు” అనకూడదు. పాత గాయాలు పైకి వస్తాయి, రావాలి కూడా. అల్లర్లలో కొట్టు కాలిపోయిన మనిషి తన కొట్టు గురించి చెబుతుంటే మధ్యలో ఆపి “అవన్నీ పాతవి, వదిలేయండి” అనడం క్రూరత్వం. పూర్తిగా విని, వెంటనే రెండో వైపు నుంచి జవాబు రానివ్వకుండా, నిమిషం మౌనంగా ఉండి, ఆ సమయంలో సాయం చేసినవారెవరైనా ఉన్నారా అని అడగండి. చాలాసార్లు పక్కింటివారి పేరే వస్తుంది, ఆ పక్కింటివారు అక్కడే కూర్చుని ఉంటారు. రాకపోతే బలవంతం చేయవద్దు.

భాష సంగతి చిన్నదని వదిలేయకండి. పాతబస్తీ ముసలమ్మలు దక్కనీ ఉర్దూలో తప్ప మనసు విప్పరు, కొత్తగా వచ్చిన కుటుంబాలకు తెలుగే తెలుసు. రెండూ వచ్చిన ఒక ఆడపిల్లను పక్కన కూర్చోబెట్టి ఎప్పటికప్పుడు చెప్పిస్తే సరిపోతుంది. ఆడవారు మగవారి ముందు చెప్పలేని సంగతులు, ముఖ్యంగా ఇంట్లో జరిగే హింస, పటం మీదికి రావు. ఎవరైనా ఒంటరిగా చెప్పదలిస్తే వినడానికి ఆశా కార్యకర్త ఒక మూల కూర్చుని ఉండాలి, 181 మహిళా హెల్ప్‌లైన్ నంబరు ఆమె దగ్గర చీటీల మీద రాసి ఉండాలి. ఇంటి లోపలి భయాన్ని లెక్కలోకి తీసుకోకుండా బస్తీ భద్రతను గురించి మాట్లాడటం సగం మాటే అవుతుంది.

వదంతికి కట్టుదిట్టం

గొడవలు రాయితో మొదలవుతాయని అనుకుంటాం కానీ, ఆ రాయికి ముందు ఒక మాట ఉంటుంది. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయంటూ వాట్సాప్‌లో పాకిన పుకారుకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకులు దెబ్బలు తిన్నారు, కొందరు ప్రాణాలు కోల్పోయారు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను మూక కొట్టి చంపింది. అదే కాలంలో జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్లను పల్లెపల్లెకూ పంపి, డప్పు కళాకారుల పాటలతో ఆ పుకార్లను గురించి చెప్పించారు. ఆ ఏడాది జులైలో వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఐదు చాట్లకు పరిమితం చేసింది. యంత్రం విధించే పరిమితి కంటే డప్పు మీద నాకు నమ్మకం ఎక్కువ, ఎందుకంటే పుకారును నమ్మే మనిషి తనకు తెలిసిన గొంతు చెబితేనే దానిని విడుస్తాడు.

కాబట్టి సమావేశం ముగిసేలోగా ఒక వదంతి గొలుసు ఏర్పాటు చేసుకోవాలి. ప్రతి గల్లీ నుంచి ఇద్దరు చొప్పున, మళ్లీ రెండు వైపుల వారూ ఉండేటట్లు, ఎనిమిది పది మందిని ఎంచుకోండి. ఏదైనా వార్త వచ్చినప్పుడు వారు గ్రూపులో వాదించరు, ఫార్వర్డ్ చేయరు. గుడి దగ్గర ఏదో పడేశారని వార్త వస్తే ముస్లిం సభ్యుడు, మసీదు మీద రాయి పడిందని వస్తే హిందూ సభ్యుడు, తన జతగాడితో కలిసి ఆ చోటుకు నడిచి వెళ్లి కళ్లతో చూస్తారు. చూసింది ఫోను చేసి, లేదా తమ సొంత గొంతుతో చిన్న వాయిస్ మెసేజ్‌గా చెబుతారు. రాసిన సందేశం ఎవరు రాశారో తెలియదు, ప్రతి గల్లీకీ తెలిసిన గొంతు మాత్రం నమ్మకం కలిగిస్తుంది. నిజంగానే ఏదైనా జరిగి ఉంటే దాచకూడదు. జరిగింది జరిగిందని చెప్పి, 112కు ఫోను చేశామని, పోలీసులు వచ్చారని కూడా చెప్పాలి, ఎందుకంటే ఒక్కసారి నిజం దాచిన గొలుసును రెండోసారి ఎవరూ నమ్మరు. మత వైషమ్యాలు రెచ్చగొట్టడం భారతీయ న్యాయ సంహిత 196వ సెక్షన్ కింద, అల్లర్లకు దారి తీసే పుకార్లు పుట్టించడం 353వ సెక్షన్ కింద నేరాలని కుర్రవాళ్లకు ఒకసారి చెప్పి ఉంచండి. బెదిరింపుగా కాకుండా, ఒక ఫార్వర్డ్‌తో ఉద్యోగానికి, పాస్‌పోర్టుకు చిక్కులు రావచ్చని అన్నలాగా చెబితే వింటారు.

ఊరేగింపుల మాట చివర తీసుకుంటే చాలు. అప్పటికి వాతావరణం తేలికపడి ఉంటుంది. ప్రార్థన స్థలం ముందు డప్పు ఎంతసేపు ఆపాలి, నమాజుకు పిలిచే అజాన్ వేళ బండి ఎక్కడ ఉండాలి, మంచినీళ్లు, మజ్జిగ ఎవరు ఇస్తారు అనే మూడు సంగతులు కాగితం మీద రాసుకుని రెండు వైపుల నుంచి ఇద్దరేసి సంతకాలు పెడితే సరి. అంతకు మించిన ఒప్పందాలు నిలవవు. మన ఊళ్లలో దీనికి మంచి పునాది ఉంది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకు నిప్పుల గుండం చుట్టూ అన్ని కులాలవారూ ఆడతారు, ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుని దర్శనానికి ముస్లింలు బారులు తీరతారు, నెల్లూరు బారాషహీద్ దర్గా రొట్టెల పండుగలో రొట్టె పట్టుకున్న మనిషిది ఏ మతమో ఎవరూ అడగరు. మీ ప్రాంతంలో ఇటువంటిది ఉంటే, అది ముగిసిన వారంలోనే సమావేశం పెట్టుకోవడం సులువు.

ఆ తరవాత

సమావేశంలో వచ్చిన పనులు పదిహేను ఉన్నా ఒక్కదాన్నే ముందుగా ఎంచుకోండి, అదీ మూడు వారాల్లో అయ్యేది. మా దగ్గర అది ట్రాన్స్‌ఫార్మర్ మూల దీపం. పటం ఫోటోను దరఖాస్తుకు జతపరిచి, రెండు మతాల ఆడవారు ఆరుగురు కలిసి మునిసిపల్ కార్యాలయానికి వెళ్లారు. రెండుసార్లు తిప్పి పంపారు, మూడోసారి రసీదు ఇచ్చారు. దీపం వెలగడానికి ఐదు వారాలు పట్టింది, కానీ ఈలోగా ఆ ఆరుగురూ ఒకే ఆటోలో నాలుగుసార్లు వెళ్లి వచ్చారు. బండ్ల తనిఖీ గురించి కుర్రవాళ్ల ఫిర్యాదును స్టేషన్ అధికారి ముందు పెట్టడం అంత సులభం కాదు. వారిని ఒంటరిగా పంపకుండా ఇద్దరు పెద్దవారు వెంట వెళ్లి, ఏ చోట, ఏ వేళ, ఎన్నిసార్లు అన్న వివరంతో, పేర్లు లేకుండా కాగితం మీద రాసి ఇస్తే వినే అధికారులు ఉంటారు. వినని అధికారి తగిలితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు, అక్కడి సలహాకు రుసుము లేదు.

ఒక నోటుబుక్కులో ప్రతి సమావేశం తేదీ, ఎంతమంది వచ్చారు, ఏమి అనుకున్నారు, ఎవరు చేస్తామన్నారు అన్నది రాసి కిరాణా కొట్టులో ఉంచండి. ఎవరి ఇంట్లోనో ఉంటే అది వారి సంఘమైపోతుంది. మూడు నెలలకోసారి కూర్చోవాలి, మధ్యలో నెలకొకసారి గొలుసులోని పది మంది అరగంట చాయ్ తాగితే చాలు. రెండో సమావేశానికి మొదటిసారి వచ్చినవారిలో మూడో వంతు రారు, దానికి కుంగిపోనక్కరలేదు. రానివారిలో ఎవరైనా తమ బదులు చెల్లెలినో మరిదినో పంపారా అన్నది చూడండి.

ఏడాది తిరిగాక మళ్లీ ముగ్గు వేసి మళ్లీ గింజలు పంచి, పాత ఫోటోలు పక్కన పెట్టి చూడాలి. మా గల్లీలో రెండోసారి ట్రాన్స్‌ఫార్మర్ మూలలో ఆరు గింజలే పడ్డాయి. చౌరస్తా దగ్గర కొంచెం తగ్గాయి. పర్మిట్ రూమ్ ముందు ఒక్క గింజ కూడా తగ్గలేదు, ఈసారి వాటిలో కొన్ని మగవారు పెట్టినవి. నోటుబుక్కులో ఆ తేదీ కింద తరవాతి పనిగా రాసుకున్నది అదే. చింతగింజల సంచి ఇంకా కిరాణా కొట్టులో తక్కెడ వెనుక మేకుకు వేలాడుతోంది.